ఒళ్ళు చేశాం, అయితే ఇప్పుడేంటి? తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, డైటీషియన్ని అసలే కాదు. తార్నాకలో ఇల్లు, రాయదుర్గంలో ఆఫీసు, ఇద్దరు పిల్లలు, వయసు 41. నాలుగేళ్లలో 61 కిలోల నుంచి 75కి వెళ్లాను, ఆ నాలుగేళ్లలోనే ఐదు డైట్లు చేశాను, అంటే డైట్లు చేస్తూ చేస్తూనే పెరిగాను అన్నమాట. పొద్దున ఓయూ క్యాంపస్‌లో వాకింగ్‌కి వచ్చే మా బ్యాచ్‌లో కొత్తగా ఎవరు చేరినా అవే ప్రశ్నలు, నేను అవే జవాబులు ఆయాసపడుతూ చెప్పడం, అందుకే ఒకచోట రాసి పెట్టేశా.

బరువు పెరిగితే డైట్ చేయాలి గానీ మన మీద మనకి దయ ఏంటండీ కొత్తగా?

మా ఫ్లోర్‌లో ఉండే వదిన ఒకరోజు వచ్చి "ఆరు కిలోలు పెరిగాను, ఏ డ్రెస్సూ పట్టట్లేదు" అని సోఫాలో కూలబడింది. నేనేం చేశా, చాయ్ పెట్టా, ఎప్పటినుంచి, నిద్ర పడుతుందా, మీ అమ్మగారి ఆపరేషన్ టెన్షన్‌లో ఉన్నావు కదా అని అడిగా. అదే రోజు రాత్రి నా నైటీలో నన్ను నేను అద్దంలో చూసుకుని ఏమనుకున్నానంటే "సిగ్గులేదే నీకు, దున్నపోతులా తయారయ్యావ్". ఈ రెండు మాటలకీ మధ్య ఉన్న తేడానే ఈ పేజీ మొత్తం.

దీన్ని సెల్ఫ్ కంపాషన్ అంటారు. 2003లో క్రిస్టిన్ నెఫ్ అనే అమెరికా సైకాలజీ ప్రొఫెసర్ దీన్ని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేసింది, అందులో మూడు సంగతులు ఉంటాయి. తిట్టుకోకుండా నెమ్మదిగా మాట్లాడుకోవడం, ఇది నాకొక్కదానికే రాలేదు అందరికీ వచ్చేదే అని గుర్తుపెట్టుకోవడం, ఉన్న సంగతిని ఉన్నట్టు చూడటం, అంటే తక్కువ చేసి చూడొద్దు, భూతద్దంలో పెట్టీ చూడొద్దు. ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. 75 కిలోలు అంటే 75 కిలోలే, "నేనేం లావు లేను, ఈ ఫోటోలో యాంగిల్ అలా వచ్చింది" అనుకోవడం దయ కిందికి రాదు.

తిట్టుకుంటేనే కదా బుద్ధొచ్చేది? దయ చూపిస్తే ఇంకా తింటాం.

అందరూ అడిగేది ఇదే, నేనూ ఇదే నమ్మాను చాలా ఏళ్లు. ఒక సోమవారం సంగతి చెప్తా. ఆదివారం రాత్రి ప్రమాణం, రేపటినుంచి అన్నం బంద్, పంచదార బంద్. సోమవారం పొద్దున ఓట్స్, మధ్యాహ్నం కీరా ముక్కలు, సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో ఎవరిదో బర్త్‌డే, ఒక్క ముక్క కేక్ నోట్లో పెట్టా. పెట్టగానే లోపల్నుంచి గొంతు, అయిపోయింది, నువ్వింతే, నీ వల్ల కాదు. అంతే, ఎలాగూ చెడింది కదా అని ఇంకో ముక్క, రెండు సమోసాలు, మెట్రో దిగాక పానీపూరి, ఇంటికెళ్ళి పిల్లలు వదిలేసిన అన్నం, రేపటినుంచి చూద్దాంలే అని. ఒక్క కేకు ముక్కతో పోయేది, తిట్టు పడేసరికి పన్నెండు వందల కేలరీలు అయ్యింది.

ఇది నా ఒక్కదాని పిచ్చి కాదట. 1975లోనే సైకాలజీ వాళ్ళు ఒక ప్రయోగం చేశారు, ముందు మిల్క్‌షేక్ తాగించి తర్వాత ఐస్‌క్రీమ్ ముందు పెట్టారు. డైట్‌లో లేనివాళ్ళు కడుపు నిండింది కాబట్టి కొంచెమే తిన్నారు. డైట్‌లో ఉన్నవాళ్ళు మిల్క్‌షేక్ తాగనప్పటికంటే తాగాకే ఎక్కువ ఐస్‌క్రీమ్ తిన్నారు, ఎలాగూ కట్టు తప్పాం కదా అని. మన ఎలాగూ చెడింది లెక్కే. తర్వాత 2007లో క్లెయిర్ ఆడమ్స్, మార్క్ లియరీ అనేవాళ్ళు ఇంకో పని చేశారు. ఆడపిల్లలకి డోనట్ తినిపించి, కొందరితో మాత్రం "ఇది అందరూ తినేదే, దీని గురించి నిన్ను నువ్వు ఏమీ అనుకోకు" అని ఒక్క మాట అన్నారు, ఆ తర్వాత చాక్లెట్లు రుచి చూడమని ముందు పెట్టారు. తిండి మీద ఎప్పుడూ కట్టడి పెట్టుకునే అమ్మాయిల్లో ఆ మాట విన్నవాళ్ళే తక్కువ తిన్నారు. దయ చూపిస్తే అదుపు తప్పుతారు అనుకుంటాం, జరిగింది ఉల్టా.

కానీ స్ట్రిక్ట్ డైట్ చేసి తగ్గినవాళ్ళు ఉన్నారు కదా?

తగ్గినవాళ్ళు మస్తు మంది ఉన్నారు, నేనే ఐదుసార్లు తగ్గాను. ఫోటోలు కూడా అప్పుడే పెడతాం, తిరిగి పెరిగినప్పుడు ఎవరూ పెట్టరు.

ఒంటికి డైట్ అనే మాట తెలీదు, దానికి తెలిసింది కరువు. 1944, 45 ప్రాంతంలో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళకి ఆరు నెలలు తిండి సగానికి తగ్గించి చూశాడు, అదీ రోజుకి పదహారు వందల కేలరీల దగ్గర, అంటే ఇప్పుడు ఫోన్‌లో వచ్చే డైట్ చార్టులకంటే ఎక్కువే. వాళ్ళు రోజంతా తిండి గురించే మాట్లాడేవాళ్ళు, వంటల పుస్తకాలు చదివేవాళ్ళు, ఊరికే చిరాకు పడేవాళ్ళు, ఎప్పుడూ చలి అనేవాళ్ళు. తిండి మళ్ళీ దొరికాక ఎంత తిన్నా ఆకలి తీరలేదు కొందరికి. నా మూడో డైట్‌లో నేను రాత్రి పన్నెండింటికి హలీమ్ తయారుచేసే వీడియోలు చూస్తూ పడుకునేదాన్ని, రంజాన్ కూడా కాదు అప్పుడు.

ఇంకోటి, 2011లో ఆస్ట్రేలియాలో కఠినమైన డైట్ పది వారాలు చేయించి, ఏడాది తర్వాత రక్తం పరీక్షిస్తే ఆకలి పుట్టించే హార్మోన్లు ఇంకా పాత స్థాయికి రాలేదు. అమెరికాలో టీవీ పోటీలో బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత చూస్తే, సగటున తగ్గిన 58 కిలోల్లో 41 తిరిగొచ్చాయి, పైగా ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే శక్తి వాళ్ళ సైజుకి ఉండాల్సిన దానికంటే రోజుకి 500 కేలరీలు తక్కువ, ఆ లెక్క 2016లో వచ్చింది. అందుకే మళ్ళీ పెరిగిందని మనసు గట్టిది కాదు అనుకోవడం తప్పు, ఒళ్ళు కరువు అనుకుని తన పని తాను చేసుకుంది.

వీటికి తోడు ఒక్కసారిగా తగ్గితే రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది, గాల్ బ్లాడర్‌లో రాళ్ళు పడే అవకాశమూ పెరుగుతుంది. జుట్టు సంగతి స్వానుభవం, రాళ్ళ సంగతి మా కజిన్ స్వానుభవం.

నిన్న పెళ్ళిలో తిన్నాను, ఇవాళ మెషీన్ కిలోన్నర ఎక్కువ చూపిస్తోంది. కొవ్వేనా?

కాదు. నీళ్ళు. బిర్యానీలో ఉప్పు ఒక పక్క, ఒంట్లో దాచుకునే ఒక్కో గ్రాము పిండి పదార్థం తనతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టుకుంటుంది ఇంకో పక్క, పీరియడ్ ముందు వారమైతే చెప్పనే అక్కర్లేదు. డైట్ మొదటివారం మూడు కిలోలు తగ్గాం అని ఎగిరేది కూడా ఈ నీళ్లే, అప్పుడు ఎవరూ నీళ్ళు అని అనరు.

అసలు ఎందుకు పెరిగానో ఎలా తెలుస్తుంది?

తిండి ఒక్కటే అనుకోవద్దు, ముందు ఒకసారి డాక్టర్ దగ్గర కూర్చోండి. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ టెస్టు, షుగరు, పీరియడ్స్ సరిగా లేకపోతే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య, ఇవి చూస్తారు. థైరాయిడ్ మీదే మొత్తం నెట్టేయకండి కూడా, అది తక్కువైనప్పుడు మామూలుగా పెరిగేది రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ నీళ్ళు, ఉప్పే ఎక్కువ. మందులు చూసుకోండి, స్టెరాయిడ్స్, ఇన్సులిన్, డిప్రెషన్‌కీ ఇంకా కొన్ని మానసిక సమస్యలకీ వాడే మాత్రల్లో కొన్ని బరువు పెంచుతాయి. పెంచుతున్నాయని మీ అంతట మీరు మానేయకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, మార్చడానికి ఉంటే డాక్టరే మారుస్తారు.

నా సంగతైతే షుగరు బోర్డర్‌లో ఉంది, మిగతా టెస్టులన్నీ నార్మల్. డాక్టరమ్మ "రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు" అని అడిగింది. అమెరికా వాళ్ళతో కాల్స్, ఒంటిగంటన్నర, మళ్ళీ ఆరింటికి పిల్లల టిఫిన్. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీద, నూనె మీదకి పోతుంది. నాలుగేళ్లు నేను అన్నాన్ని తిట్టాను, కాలెండర్‌ని ఒక్కసారీ చూడలేదు. మేనేజర్‌తో మాట్లాడి వారానికి రెండు కాల్స్ పొద్దున్నకి మార్పించుకోవడానికి పది నిమిషాలు పట్టింది.

మా అమ్మ, అత్తమ్మ, చిన్నమ్మ, అందరూ "లావయ్యావేంటే" అంటారు. ఏం చెప్పాలి?

మన దగ్గర అది హలో లాంటిది అని సర్దిచెప్పుకునేదాన్ని కానీ నొప్పి నొప్పే. పైగా లావైతే ఒక మాట, తగ్గితే "ఏంటే పీనుగలా అయ్యావ్, ఆరోగ్యం బాగాలేదా" అని ఇంకో మాట, ఏ సైజులో ఉన్నా గేటు దగ్గర మాట రెడీ.

గొడవ పెట్టుకోనక్కర్లేదు. "అవును పెద్దమ్మా, పెరిగాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని టాపిక్ మార్చేస్తా, మోకాళ్ళ గురించి మొదలుపెడితే అరగంట. దగ్గరివాళ్ళైతే విడిగా కూర్చోబెట్టి చెప్పాలి. మా అమ్మతో "అమ్మా, నువ్వు అన్నరోజు నేను ఎక్కువ తింటానే, నిజంగా" అన్నా. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా అత్త నన్నూ అట్లనే అనేది" అంది. ఇప్పుడు లావు మాట మానేసింది, బదులు జుట్టు మీద పడింది.

బట్టలు పట్టట్లేదు. తగ్గాక కొనుక్కుందామని పాతవే బిగించుకుంటున్నా.

ఆపండి వెంటనే. బిగుతు బట్టలు రోజంతా చెవిలో తిడుతున్నట్టే ఉంటాయి, కూర్చున్న ప్రతిసారీ నడుము దగ్గర గుర్తుచేస్తాయి. మన బ్లౌజుల్లో సైడున రెండు మూడు వరసల కుట్లు లోపల ఉంచేది ఎందుకు, ఒళ్ళు పెరుగుతుంది, తగ్గుతుంది అని టైలర్‌కి ముందే తెలుసు కాబట్టి. ఒక వరస విప్పించుకుంటే అయిపోతుంది. నేను మాత్రం రెండు వరసలు విప్పించుకోవడానికి ఏడాది ఆగాను, టైలరన్న ముందు సిగ్గుపడి. ఆయన కొలత తీసి ఏం మాట్లాడకుండా "బుధవారం రండి మేడం" అన్నాడు, అంతే. నాలుగు కుర్తీలు, రెండు ప్యాంట్లు ఇప్పటి సైజులో కొనండి, జనరల్ బజార్‌లో గుడ్డ తీసుకుని కుట్టించుకున్నా చాలు.

బీఎంఐ ఎంత ఉండాలి?

బీఎంఐ అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క. మన ఇండియన్లకి 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఒబెసిటీ అంటారు, ప్రపంచం మొత్తానికి చెప్పేది 25, 30. మనకి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు, షుగరు వస్తాయి కాబట్టి. ఇంట్లో టేపుతో నడుము కొలుచుకోండి, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటితే పరీక్షలు చేయించుకోవాలి. బీఎంఐ లెక్క కట్టింది 1830ల్లో బెల్జియంలో క్వెటెలెట్ అనే ఆయన, ఆయన డాక్టర్ కాదు, జనాభా లెక్కల మనిషి. మన గుణగణాలకి మార్కులు వేయడానికి మాత్రం కట్టలేదు.

సరే, మరి ఏం తినాలి? అన్నం మానేయాలా?

అన్నం మానేస్తే నాకు పదకొండో రోజు కలలో బగారన్నం వచ్చింది. మానకండి, పక్కన పెట్టుకునేది పెంచండి. మా తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది, వాళ్ళు చెప్పే పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళు, మిగతా సగంలో అన్నమో రొట్టో, పప్పు, పాలు పెరుగు, గింజలు. రోజూ ఆ గేటు ముందు నుంచే పోతూ నేను ఇన్‌స్టాలో ఎవరో కాలిఫోర్నియా అమ్మాయి చెప్పిన అవకాడోలు వెతికాను చూడండి.

మా ఇంట్లో ఇప్పుడు పాలకూర పప్పు గిన్నె పెద్దదైంది, అన్నం గిన్నె అదే ఉంది. పొద్దున కోడిగుడ్డో పెసరట్టో ఏదో ఒకటి కడుపులో నిలిచేది తింటే పదకొండింటికి బిస్కెట్ డబ్బా వైపు చేయి పోదు. జొన్నరొట్టె ఇష్టమైతే తినండి, డైట్ అని తినకండి, శిక్షలా తింటే రెండు వారాలకే విసుగొస్తుంది. సంక్రాంతికి సకినాలు, సద్దుల బతుకమ్మకి మలీద, ఇవి చీటింగ్ అనకండి, పండగ అనండి. చీట్ డే అనే మాటే నాకు నచ్చదు, ఎవర్ని చీట్ చేస్తున్నట్టు?

రాత్రి పదకొండింటికి ఆకలి లేకపోయినా తినేస్తా. ఏం చేయాలి?

నాలుగు చోట్ల చూసుకోండి, పగలు సరిగా తిన్నానా, నిద్ర వస్తోందా, ఎవరి మీదైనా కోపం ఉందా, ఒంటరిగా ఉందా. నాకు ఎక్కువసార్లు మొదటిదే, మధ్యాహ్నం ఎగ్గొట్టిన తిండి రాత్రికి వడ్డీతో అడుగుతుంది. మిగతా మూడైతే తిండి ఒక ఊరట, దాన్ని ఒక్కసారిగా లాక్కోకండి, పక్కన ఇంకో రెండు పెట్టుకోండి. అక్కకి ఫోన్ చేయడం, బాల్కనీలో పది నిమిషాలు నిలబడటం, లేదా హాయిగా నిద్రపోవడం. ఆ తర్వాత కూడా తినాలనిపిస్తే ప్లేట్‌లో పెట్టుకుని, కూర్చుని, లైటు వేసుకుని తినండి. ఫ్రిజ్ తలుపు పట్టుకుని దొంగలా తింటే రుచీ తెలీదు, కడుపు నిండినట్టూ ఉండదు.

వాకింగ్ ఎంత చేయాలి?

వారానికి 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా, అది డబ్ల్యూహెచ్‌ఓ మాట. నిన్నటి గులాబ్ జామూన్‌కి శిక్షగా మాత్రం నడవకండి, జామూన్ లెక్కలు వేస్తూ నడిచిన రోజుల్లో నేను ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్‌ని ఒక్కసారి తలెత్తి చూడలేదు. వానొస్తే, మోకాలు నొప్పెడితే ఆరోజు మానేయండి, మర్నాడు రండి. ఒకరోజు మానితే "అయిపోయింది" అనే కేకు ముక్క గొంతు మళ్ళీ వస్తుంది, దాన్ని గుర్తుపట్టండి చాలు.

నాకు షుగర్ ఉంది, డాక్టర్ తగ్గాల్సిందే అన్నారు. నాకూ ఇదేనా?

మీకు ఇంకా ఎక్కువ. దయ అంటే డాక్టర్ మాట పెడచెవిన పెట్టడం అని ఎవరన్నారు? బరువులో అయిదు నుంచి పది శాతం తగ్గినా షుగరు, బీపీ మెరుగవుతాయి, 80 కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఎనిమిది కిలోలే, ఇరవై కాదు. ఆ నాలుగు కిలోలకి ఏడాది టైమ్ ఇచ్చుకోండి. కానీ ఇన్సులిన్ లేదా కొన్ని షుగర్ మాత్రలు వేసుకుంటూ సొంతంగా ఉపవాసాలు, లిక్విడ్ డైట్లు మొదలుపెడితే షుగరు పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ఏకాదశి అయినా, రంజాన్ రోజా అయినా ముందు డాక్టర్‌కి చెప్పి చేయండి.

బరువు తగ్గడానికి ఇంజెక్షన్లు తీసుకుంటే తప్పా?

తప్పేం కాదు, అవి మందులు. అవసరం ఉందా లేదా డాక్టర్ చూడాలి, పక్కింటావిడ కాదు. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్ళని చూసిన ఒక పెద్ద ట్రయల్‌లో ఏడాదిలోగా తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది, కాబట్టి మొదలుపెట్టేముందే ఎన్నాళ్ళు, ఖర్చెంత, ఆపితే ఏంటి అని అడగండి. తీసుకుంటున్నవాళ్ళని షార్ట్‌కట్ అని ఎగతాళి చేయకండి దయచేసి.

పిల్లల ముందు జాగ్రత్తగా ఉండాలా?

మా పాప ఆరో తరగతిలో ఉండగా స్నానం చేసొచ్చి అద్దం ముందు పొట్ట పట్టుకుని "ఛీ" అంది. ఆ "ఛీ" నాది, నా గొంతుతో సహా. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఎప్పుడు సాయం తీసుకోవాలి?

తిన్నాక వాంతి చేసుకోవడం, విరేచనం మాత్రలు మింగడం, ఆపలేనంతగా తిని దాచిపెట్టడం, రోజుల తరబడి తినకపోవడం, పీరియడ్స్ ఆగిపోవడం, బతకాలని లేకపోవడం, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఈ పేజీ చాలదు. సైకియాట్రిస్ట్‌ని కలవండి. ఫోన్‌లో అయితే ప్రభుత్వ టెలిమానస్ నంబర్ 14416, డబ్బులేం ఉండవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సన్నగా ఉన్నవాళ్ళకే ఈ జబ్బులు వస్తాయి అనుకోకండి, ఏ సైజు వాళ్ళకైనా వస్తాయి.

చివరికి మీరు తగ్గారా లేదా?

ఇదెప్పుడూ చివర్లో, గొంతు తగ్గించి అడుగుతారు. 75 నుంచి 71కి వచ్చా, పద్నాలుగు నెలల్లో, మధ్యలో డిసెంబర్ పెళ్ళిళ్ళకి 73 అయ్యి మళ్ళీ దిగింది. 61 మళ్ళీ చూస్తానా అంటే అనుకోవట్లేదు, 61 ఉన్నప్పుడు నాకు ముప్పై ఆరేళ్ళు, ఒంటిగంటన్నరదాకా నిద్ర లేని ఉద్యోగమూ కాదు. షుగరు బోర్డర్‌లో ఉండేది, లోపలికి వచ్చింది. హబ్సిగూడ మెట్రో మెట్లు ఎక్కి ఫోన్ మాట్లాడగలుగుతున్నా. మెషీన్ మంచం కిందకి పోయింది, నెలకోసారి తీస్తా, పోయిన నెల తీయడం మర్చిపోయా. బ్లౌజుకి టైలరన్న విప్పిన రెండు వరసల్లో ఒకటి మళ్ళీ వేయించాలి, బుధవారం వెళ్ళాలి.